గురుకులాన్వేషణ: ప్రాచీన విద్యార్థి ఎంపిక

ఉపనయనానంతరం బ్రహ్మచారి గురుకులానికి వెళ్లడం మన సంప్రదాయంలో సుప్రసిద్ధమే. అయితే ఏ ఆచార్యుని ఆశ్రయించాలి, ఏ విద్యాస్థానానికి ప్రయాణించాలి అనే ప్రశ్నకు ఆనాటివారు ఏ సమాధానం కనుగొన్నారు? రాకుమారునికీ, నిర్ధనునికీ, తండ్రి ఎవరో ఎరుగని బాలునికీ, పరదేశీయునికీ ఈ ప్రశ్న ఒకే రూపంలో ఎదురు కాలేదు.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని వృత్తాంతం మొదట స్మరణీయం. తన గోత్రమేదో చెప్పమని అతడు తల్లి జబాలను అడిగాడు. తనకూ తెలియదని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ఆ మాటనే అతడు హారిద్రుమత గౌతమునికి యథాతథంగా నివేదించాడు. సత్యం నుండి తొలగని ఆ బాలుని గౌతముడు స్వీకరించాడు. పిదప కృశించిన నాలుగు వందల గోవులను అప్పగించి అరణ్యానికి పంపాడు. ఇక్కడ శిష్యుడు గురువును ఎన్నుకున్నాడు. గురువు శిష్యునిలోని ఆర్జవాన్ని ఎన్నుకున్నాడు.

తక్షశిలను మనం నేడు విశ్వవిద్యాలయమని వ్యవహరిస్తున్నాము. వాస్తవానికి అక్కడ ఏకైక పరిపాలన గాని, ఉమ్మడి ప్రవేశ విధానం గాని ఉన్నట్లు జాతక కథలు చెప్పవు. ఒక్కొక్క ఆచార్యుడు తన శిష్యగణానికి తానే అధిపతి. కావున విద్యార్థి నగరం పేరు విని బయలుదేరినా, చివరకు ఒక ఆచార్యుని గడప వద్దనే నిలిచేవాడు. తిలముట్ఠి జాతకం ఇక్కడ రెండు విశేషాలను తెలుపుతుంది. స్వనగరంలో ప్రసిద్ధ గురువులున్నా రాజులు తమ కుమారులను దూరదేశాలకు పంపేవారట. గర్వం అణగాలని, శీతోష్ణాలను సహించడం అలవడాలని, లోకరీతి తెలియాలని వారి ఆకాంక్ష. ఇక రెండవది: వేయి నాణెముల దక్షిణ చెల్లించినవాడు గురుగృహంలో జ్యేష్ఠపుత్రునివలె ఉండేవాడు, చెల్లించలేనివాడు పగలు సేవచేసి రాత్రి పాఠం చెప్పించుకునేవాడు. పేదవానికి ద్వారం మూయబడలేదు, కాని వాని విద్యకు నిద్ర మూల్యమైంది.

జీవకుని కథ వేరు. జన్మించగానే పరిత్యజింపబడి, రాజగృహంలో అభయ రాకుమారుని పోషణలో పెరిగిన అతడు, విద్య లేనివానికి రాజకులాశ్రయంలో జీవనం దుర్లభమని గ్రహించాడు. అభయునికి చెప్పకుండానే తక్షశిలకు వెళ్లి ఏడేళ్లు వైద్యం అభ్యసించాడు. పరీక్షగా గురువు, నగరం చుట్టూ యోజనమాత్రం వెదకి ఔషధం కాని మొక్కను తెమ్మన్నాడు. అట్టిది ఒక్కటీ లేదని తిరిగివచ్చినందుకే ఉత్తీర్ణుడయ్యాడు.

నాలందలో స్థితి మారింది. రాజులు సమర్పించిన గ్రామాల ఆదాయం భోజన వసతులను సమకూర్చడంతో ధనలోపం అడ్డంకి కాలేదు. పూర్వవిద్యాలోపమే అడ్డంకి అయింది. వాదపరీక్షకు నిలిచిన పదిమందిలో ఏడెనిమిది మంది వెనుదిరిగేవారని 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వ్రాశాడు. అతడు అంత దూరం వచ్చింది ప్రధానంగా యోగాచార శాస్త్రాన్ని వృద్ధుడైన శీలభద్రుని సన్నిధిలో అధ్యయనం చేయడానికి. పిదప అతడు మన ధాన్యకటక దేశానికీ వచ్చి, మహాసాంఘికుల అభిధర్మాన్ని ఇద్దరు భిక్షువుల వద్ద అభ్యసించాడు. వారికి తానూ బోధించాడు. శాస్త్రం ఎక్కడుంటే అక్కడికి వెళ్లడమే అతని ఎంపికకు సూత్రం.

ఆంధ్రదేశంలోనే, రుద్రమదేవి కాలంనాటి 1261 మల్కాపురం శాసనం మందడంలో విశ్వేశ్వర శంభువు నెలకొల్పిన మఠాన్ని వర్ణిస్తుంది. వేదాధ్యాపకులతో పాటు పద, వాక్య, ప్రమాణ, సాహిత్య, ఆగమ వ్యాఖ్యాతలకు అక్కడ వృత్తులుండేవి. అన్నసత్రం ఆచండాలం అందరికీ తెరిచి ఉండేది. అయితే అన్నానికి తెరిచిన ద్వారమూ, అధ్యయనానికి తెరిచిన ద్వారమూ ఒకటేనని ఆ శాసనం చెప్పదు.

ఈ భేదాన్ని విస్మరించరాదు. ద్రోణుడు నిరాకరించిన ఏకలవ్యుడు మృణ్మయమూర్తిని గురువుగా ఎన్నుకోవలసి వచ్చింది. ఆ ఎంపికకు అంగుష్ఠాన్ని అర్పించవలసి వచ్చింది. ఎంపిక అందరికీ సమానంగా లభించిన వరం కాదు.

ముండకోపనిషత్తు గురువుకు విధించిన లక్షణాలు రెండే: శ్రోత్రియత్వం, బ్రహ్మనిష్ఠ. శిష్యుని చేతిలో ఉండవలసినవి సమిధలు. నేడు విద్యాస్థానాన్ని వెదకే సాధకుడు ఖ్యాతికి ముందు ఆ రెండు లక్షణాలను పరిశీలించాలి. బోధించే స్థానంలో ఉన్నవాడు, తన ద్వారం వద్ద నిలిచినవాని గోత్రం అడిగేముందు గౌతముని స్మరించాలి.