పంచనామా పత్రములు - ప్రాణరక్షణ

హైదరాబాదు-విజయవాడ రహదారి కేతేపల్లి మీదుగా పోవుచున్నది. ఆ దారిలో ఎవరేని మరణించినచో పోలీసువారు పంచుల యెదుట శవపంచనామా వ్రాయుదురు; ఆ కాగితము మేజిస్ట్రేటునకు చేరును. ఇంగ్లండులో ఈ విచారణ 1194లో ఏర్పడిన కరోనరు పదవికి చెందినది. నాడాయన ముఖ్యముగా చూచినది రాజుగారి రాబడిని! బొంబాయిలోను కరోనరు ఉండెడివాడు; 1999లో ఆ పదవి రద్దయినది. మన పల్లెలకు మాత్రము పంచనామాయే దిక్కు.

మన ప్రభుత్వము 1967 నుండి ప్రమాదమరణముల లెక్కలు ప్రచురించుచున్నది. కాని ఎందరు పోయిరో చెప్పు లెక్క, ఎట్లు పోయిరో చెప్పదు. ఆస్ట్రేలియావారు 2000లో దేశమందలి కరోనర్ల విచారణపత్రములను ఒక్కచోట చేర్చిరి. పొలములలో తిరుగు నాలుగు చక్రముల చిన్న మోటారుబండ్లు బోల్తాపడి రైతులు నలిగిపోవుచున్న తీరు అందు కానవచ్చెను. అట్టి సాక్ష్యము తోడ్పడగా, 2021 అక్టోబరు నుండి అక్కడ అమ్ము క్రొత్త బండ్లకు రక్షణచట్రము తప్పనిసరి యైనది.

మనకును 2021లో రోడ్డు ప్రమాదముల జాతీయ సమాచార భాండాగారము ఆరంభమైనది. ఠాణాలో వ్రాసిన వివరము దారులు వేయు ఇంజనీరునకు చేరవలెనని దాని ఉద్దేశము. 500 మీటర్ల జాతీయ రహదారిపై మూడేండ్లలో ఐదు ఘోర ప్రమాదములు గాని, పది మరణములు గాని జరిగినచో దానిని ప్రమాదస్థలముగా గుర్తింతురు. పదవ పంచనామా వరకు ఆగనేల? స్థలము, వేళ, దెబ్బల తీరు మొదటిదానిలోనే వ్రాసియున్నవి కదా!