దూలం పోయింది, గాడి మిగిలింది

మాచర్ల దగ్గరి అనుపుకు వెళ్తే తల పైకెత్తి రాతి స్తంభాల కొసలు చూడండి. కొన్నిటి మీద నెలవంకలా గాడి తొలిచి ఉంటుంది. దూలం కూర్చోవడానికి శిల్పి చేసిన చోటది. దూలమూ లేదు, వాసాలూ లేవు. చెదకూ వానకూ కర్ర ఎన్నాళ్లు ఆగుతుంది?

ఈ స్తంభాలు నాగార్జునకొండ లోయలోనివి. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఆ లోయలోని ఇక్ష్వాకుల విజయపురిలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు వెలిశాయి. విహారమంటే భిక్షువులు నిద్రించే గదులొక్కటే కాదు. నడుమ కర్ర కప్పు వేసిన మండపం, చుట్టూ గదులు, ఓ పక్క భోజనశాల, సామాను దాచే కొట్టుగది. ఇంతమందికి తిండి ఎక్కడిది? చాంతమూల మహారాజు లక్ష నాగళ్లు దానం చేశాడని ఇక్కడి శాసనాలు పొగుడుతాయి. ఆ అంకెలో పొగడ్త ఎంతున్నా, నాగలిని దానంగా లెక్కించిన నేల ఇది. దాతల్లో ఆడవాళ్లే ముందున్నారు. రాజు తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి ఖర్చు పెట్టింది. ఉపాసిక బోధిసిరి సింహళ థేరుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో పని చూసిన భిక్షువుల పేర్లతో పాటు విధికుడనే రాతిపనివాడి పేరూ ఉంది. కప్పు వేసిన వడ్రంగుల పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

కర్ర అన్నిచోట్లా ఇలా పోలేదు. ఇంగ్లండులోని గ్రేట్ కాక్స్‌వెల్‌లో సిస్టర్షియన్ సన్యాసుల మఠం 13వ శతాబ్దం చివర్లో కట్టించిన ధాన్యపు కొట్టం ఇప్పటికీ నిలిచే ఉంది. దాని ఓక్ కర్ర స్తంభాలను ఎత్తయిన రాతి దిమ్మెల మీద నిలిపారు. నేలతేమ వాటిని అంటదు. అక్కడ రాయి కర్రను కాపాడింది. మన దగ్గర రాయి తానొక్కటే మిగిలింది.

ఆ రాయి కూడా కృష్ణలో కలిసిపోవలసిందే. 1926లో వెలుగులోకి వచ్చిన ఈ లోయను పురావస్తు శాస్త్రవేత్తలు లాంగ్‌హర్స్ట్, ఆ తర్వాత టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాది పడేనాటికే ఆర్. సుబ్రహ్మణ్యం బృందం నీళ్లతో పందెం వేసినట్టు తవ్వుతోంది. 1960 వరకూ ఆ పని సాగింది. తొమ్మిది కట్టడాలను కొండ మీదికి చేర్చి తిరిగి కట్టారు, మరికొన్నిటికి నమూనాలు చేశారు. ఇంకొన్ని అనుపుకు చేరాయి. ఊరు మునిగినా ఆనవాలు మునగనివ్వని ఆ శ్రమకు పల్నాడు ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

ఒక్క కొరత నన్ను వదలదు. కప్పులేని స్తంభాల నడుమ తిరిగే పిల్లలకు అక్కడ మనుషులు వండుకుని, తిని, గింజలు దాచుకున్నారని ఎలా తెలుస్తుంది? అనుపులో ఒక్క విహారానికైనా దూలాలు, వాసాలు, భోజనశాల, కొట్టుగదితో సహా నిండు నమూనా కట్టండి. ఆ పని పల్నాటి వడ్రంగుల చేతనే చేయించండి, పక్కనే వాళ్ల పేర్లు చెక్కించండి.