హవాయి తిరిగి తెచ్చుకున్న రెండు పండుగలు

1843 ఫిబ్రవరి 25న హోనలూలూలో హవాయి జెండా దిగింది, బ్రిటిష్ జెండా ఎక్కింది. కారిస్‌ఫర్ట్ అనే యుద్ధనౌకలో వచ్చిన లార్డ్ జార్జ్ పౌలెట్, అక్కడి బ్రిటిషువాళ్లకు అన్యాయం జరుగుతోందన్న సాకుతో ఫిరంగుల బెదిరింపు పెట్టి రాజ్యాన్ని అప్పగించమన్నాడు. మూడో కమేహమేహా రాజుకు ఎదిరించే బలగం లేదు. ఒప్పుకోనంటూనే, బలవంతాన అప్పగిస్తున్నానని చెప్పి అప్పగించాడు. కంటబడిన హవాయి జెండాలన్నిటినీ పౌలెట్ నాశనం చేయించాడు.

రాజుగారి మంత్రి గెరిట్ జడ్, మిషనరీ వైద్యుడిగా వచ్చి అక్కడే స్థిరపడిన అమెరికన్. ప్రభుత్వ కాగితాలు పౌలెట్ చేతికి చిక్కకుండా ఆయన వాటిని రాజకుటుంబపు సమాధి గృహంలో దాచాడు. రాత్రిపూట అక్కడే దీపం పెట్టుకుని, కాహుమాను రాణి శవపేటికనే బల్లగా చేసుకుని, లండన్‌కు పంపాల్సిన పత్రాలు రాశాడు. రాజ్యం పోయాక దాని ఆఫీసు సమాధుల మధ్య నడిచిందన్నమాట.

అయిదు నెలలకు పౌలెట్ పై అధికారి అడ్మిరల్ రిచర్డ్ థామస్ వచ్చాడు. విషయం విచారించి, జులై 31న మైదానంలో హవాయి జెండాను మళ్లీ ఎగరేయించాడు. ఆ మైదానమే నేటి థామస్ స్క్వేర్. ఆ రోజు కవాయాహవో చర్చిలో రాజు అన్నదని చెప్పే ఒక వాక్యమే నేటికీ హవాయి రాష్ట్ర నినాదం. పది రోజులు సంబరాలు చేశారు. జులై 31 ‘లా హోయిహోయి ఎయా’ అయింది, అంటే సార్వభౌమత్వం తిరిగొచ్చిన రోజు. 1847లో ఈ పండుగకు రాజు నువువాను లోయలోని తన విడిదిలో విందు ఇస్తే పదివేలమంది వచ్చారు. 271 పందులు, 482 పెద్ద సొరబుర్రల నిండా పోయి వడ్డించారని లెక్క రాసిపెట్టారు. చేమదుంపలు ఉడికించి మెత్తగా దంచి చేసే పోయి వాళ్లకు రోజువారీ తిండి.

రెండో పండుగ కథ ఇంకా దూరం నడిచింది. పౌలెట్ రాకముందే, 1842లో, రాజు తన కార్యదర్శి తిమోతియో హాలిలియోనూ, విలియం రిచర్డ్స్‌నూ విదేశాలకు పంపాడు. తమది స్వతంత్ర దేశమని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌ల చేత ఒప్పించడం వాళ్ల పని. వార్త అందడానికి నెలలు పట్టే కాలం అది. వాళ్లు యూరప్‌లో తమ దేశం కోసం వాదిస్తుంటే, ఇక్కడ ఆ దేశం మీద పరాయి జెండా ఎగురుతోంది. ఎట్టకేలకు 1843 నవంబరు 28న లండన్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలయ్యాయి. హవాయి స్వతంత్ర రాజ్యమని ఒప్పుకుని, దాన్ని ఆక్రమించబోమని రెండూ మాటిచ్చాయి. హాలిలియో ఇల్లు చేరలేదు. 1844 డిసెంబరు 3న, తిరుగు ప్రయాణంలో, ఓడలోనే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 36. నవంబరు 28 ‘లా కూఓకోఆ’, స్వాతంత్ర్య దినం అయింది.

1893 జనవరి 17న చక్కెర తోటల యజమానుల అండతో, అమెరికా నౌకాదళం ఒడ్డుకు దిగి నిలబడగా, లిలియుఓకలాని రాణిని గద్దె దింపారు. ఈసారి థామస్ లాంటివాడెవడూ రాలేదు. కూలదోసినవాళ్లు పండుగల మీద కూడా చెయ్యి వేశారు, నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. తమ రిపబ్లిక్‌ను ప్రకటించడానికి 1894 జులై 4ను, అమెరికా స్వాతంత్ర్య దినాన్నే ఎంచుకున్నారు. 1895లో నవంబరు 28 గురువారం పడింది. ఆ రోజును అమెరికా వాళ్ల థ్యాంక్స్‌గివింగ్‌గా జరపాలనీ, లా కూఓకోఆ ఇక జాతీయ సెలవు కాదనీ ప్రకటించారు. జెండా మారిందని దారినపోయేవాడికి కూడా కనిపిస్తుంది. పండుగ మారితే రెండు తరాలు గడిచేసరికి అసలు అలాంటి రోజొకటి ఉండేదన్న జ్ఞాపకమే ఉండదు. 1898లో అమెరికా దీవుల్ని కలిపేసుకుంది. 1959 ఆగస్టు 21న హవాయి రాష్ట్రమైంది. రాష్ట్రావతరణకు ముందు జరిగిన ఓటింగులో స్వతంత్ర దేశంగా ఉండే ఎంపికను బ్యాలెట్‌పై పెట్టనే లేదు.

రాజ్యకాలపు పండుగల్లో జూన్ 11, కమేహమేహా దినం, ప్రభుత్వ సెలవుగానే మిగిలింది. 1871లో అయిదో కమేహమేహా ప్రకటించిన ఆ రోజును ఎవరూ తీసేయలేకపోయారు.

కహోవొలావే దీవి మీద అమెరికా నౌకాదళం బాంబులు వేసి సాధన చేయడాన్ని ఎదిరిస్తూ 1976లో కొందరు ఆ దీవి మీద దిగారు. అక్కణ్నుంచి సార్వభౌమత్వ ఉద్యమం ఊపందుకుంది. భాష, చరిత్ర తిరిగి చదవడం మొదలైంది. 1985లో డాక్టర్ కెకూని బ్లేస్‌డెల్ థామస్ స్క్వేర్‌లోనే లా హోయిహోయి ఎయాను మళ్లీ మొదలుపెట్టారు. ఆయన వైద్యుడు, సార్వభౌమత్వ ఉద్యమంలో పెద్ద దిక్కు. పరిశోధకురాలు నోయెనోయె సిల్వా పాత హవాయి పత్రికలను తిరగేసి, మరుగునపడిన చరిత్రను వెలికితీశారు. అమెరికాలో కలపొద్దంటూ 1897లో హవాయి ప్రజలు చేసిన 21 వేలకు పైగా సంతకాల మహజరును వాషింగ్టన్ ఆర్కైవ్స్‌లోంచి బయటపెట్టిందీ ఆమే. ‘మనవాళ్లు ఒప్పుకున్నారు’ అని బడుల్లో చెప్పిన కథ ఆ కాగితాలతో కూలిపోయింది.

1993లో, రాణిని కూలదోసి నూరేళ్లయినప్పుడు, వేలమంది ఇయోలాని రాజభవనానికి నడిచారు. ఆ ఏడాది నవంబరులో అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది. 2018 జులై 31న థామస్ స్క్వేర్‌లో మూడో కమేహమేహా కంచు విగ్రహం నిలిచింది. 2022లో జులై 31ను, 2023లో నవంబరు 28ను గుర్తిస్తూ రాష్ట్రం చట్టాలు చేసింది.

గుర్తించింది గానీ సెలవివ్వలేదు. ఆ రెండు రోజులూ ఆఫీసులు తెరిచే ఉంటాయి. రాష్ట్రావతరణ పేరిట ఆగస్టు మూడో శుక్రవారం మాత్రం మూతపడతాయి. ఆ ఒక్క శుక్రవారాన్ని జులై 31కి మార్చడానికి వాషింగ్టన్ అనుమతి అక్కర్లేదు, హవాయి శాసనసభ తల్చుకుంటే చాలు. ఆ పని అది చేయాలి.