డయల్ తిప్పితే మెట్లెక్కే కడ్డీ: ఆటోమేటిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి పుట్టుపూర్వోత్తరాలు

పాతకాలపు నల్ల టెలిఫోన్‌లో డయల్ తిప్పి వేలు తీస్తే అది కిరకిరలాడుతూ వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చే ఆ కాసేపట్లో లైనులోని కరెంటు తెగి తెగి కలుస్తుంది. 3 తిప్పితే మూడుసార్లు, 9 తిప్పితే తొమ్మిదిసార్లు, 0 తిప్పితే పదిసార్లు. కరెంటు ఎన్నిసార్లు తెగితే, ఊరి ఎక్స్ఛేంజిలో ఒక ఇనుప కడ్డీ అన్ని మెట్లు ఎక్కుతుంది. మొదటి తరం ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిలు చాలావరకు ఈ ఒక్క సూత్రం మీదే నడిచాయి. వాటిలో ఫోన్ నంబరు పేరులాంటిది కాదు, దారి. ఎక్కడ ఎన్ని మెట్లెక్కి ఎటు తిరగాలో చెప్పే గుర్తు.

అంతకు ముందు ఈ పని చేసింది మనిషి చెయ్యి. ఫోను పక్కనున్న పిడిని గిరగిరా తిప్పితే ఎక్స్ఛేంజి బోర్డు మీద చిన్న మూత పడేది. ఆపరేటర్ తీగ గుచ్చి, నంబరు అడిగి, రెండో తీగను అవతలి లైనులో గుచ్చేవారు. కోల్‌కతాలో 1882 జనవరి 28న ఎక్స్ఛేంజి తెరిచినప్పుడు పద్ధతి ఇదే. చిన్న ఊళ్లలో ఇది చాలా దశాబ్దాలు సాగింది. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. తొందర కొద్దీ రేటు. ఫలానా మనిషే లైనులోకి రావాలంటే పీపీ కాల్.

నిజామాబాద్, బోధన్ వైపు ఈ ఎదురుచూపు ఖరీదైనది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఆయకట్టులో చెరకు పెరిగింది. 1937లో బోధన్‌ను ఆనుకుని శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోసిన చెరకు ఒక్క రోజు ఎండలో పడి ఉన్నా బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర తగ్గుతుంది. ఫ్యాక్టరీ ఆగినా, రోలర్ విరిగినా, బండ్లు బారులు తీరినా ఆ కబురు పొలానికి కోత మొదలయ్యే లోపలే చేరాలి. పాతిక కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్‌లో పసుపు మార్కెట్‌కూ ధర కబురు అంతే ముఖ్యం. ఆపరేటర్ చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగడం ఇలాంటి చోట నిజమైన నష్టం.

ఆపరేటర్ లేకుండా లైను కలిపే యంత్రానికి పేటెంటు పొందినవాడు ఇంజనీరు కాదు. ఆల్మన్ బ్రౌన్ స్ట్రౌజర్ అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారి. పోటీ వ్యాపారి భార్య ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ అనీ, తనకు రావలసిన కాల్స్‌ను ఆమె భర్త దుకాణానికి కలిపేదనీ, ఆ కోపంలోనే ఈ యంత్రం పుట్టిందనీ కథగా చెప్పుకుంటారు. చొక్కా కాలర్లు పెట్టుకునే గుండ్రటి అట్టపెట్టెకు లోపల వరసలుగా గుండుసూదులు గుచ్చి తొలి నమూనా చేశాడనీ అంటారు. 1889 మార్చిలో దరఖాస్తు పెట్టాడు, 1891 మార్చి 10న పేటెంటు వచ్చింది. 1892 నవంబర్ 3న ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ ఊళ్లో సుమారు 75 మంది చందాదారులతో మొదటి ఎక్స్ఛేంజి మొదలైంది.

అప్పటికి డయల్ లేదు. ఫోను మీద మీటలుండేవి. పదుల స్థానానికి ఒకటి, ఒకట్ల స్థానానికి ఒకటి. 37 కావాలంటే మొదటిది మూడుసార్లు, రెండోది ఏడుసార్లు నొక్కాలి. లెక్క తప్పితే ఫోన్ ఇంకొకరి ఇంట్లో మోగేది. ఇంటినుంచి ఎక్స్ఛేంజికి ఒక జత తీగలు చాలక ఐదు తీగలు లాగాల్సి వచ్చేది. 1896లో స్ట్రౌజర్ కంపెనీలోని ఎరిక్సన్ సోదరులు, అలెగ్జాండర్ కీత్ కలిసి తిప్పే డయల్‌ను తెచ్చారు. మనిషి పెట్టాల్సిన లెక్కను స్ప్రింగు చేతికి అప్పగించడమే ఇందులోని గొప్పతనం. వేలు ఎంత వేగంగా తిప్పినా డయల్ వెనక్కి వచ్చే వేగం మారదు. లోపలున్న గవర్నర్ అనే వేగం అదుపుచేసే భాగం సెకనుకు 10 తెంపుల చొప్పున దాన్ని పట్టి ఉంచుతుంది.

ఎక్స్ఛేంజిలో ఈ తెంపులను అందుకునేది రిలే. మెత్తటి ఇనుప కడ్డీ చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి, ఎదురుగా ఒక ఇనుప రేకు పెడితే రిలే అవుతుంది. తీగలో కరెంటు పారగానే కడ్డీ అయస్కాంతమై రేకును లాగుతుంది. రేకు కదిలి వేరే సర్క్యూట్లను కలుపుతుంది, లేదా తెంచుతుంది. కరెంటు ఆగగానే రేకు వెనక్కి పోతుంది. టెలిగ్రాఫ్ కాలం నుంచీ ఉన్న వస్తువే. కొత్తదల్లా, రిలేలను జట్టు కట్టించి వాటిచేత నిర్ణయాలు చేయించడం.

ఆ జట్టులో మూడు రిలేల పని తెలిస్తే యంత్రం చాలావరకు అర్థమైనట్టే. మొదటిది చురుకైనది. డయల్ నుంచి వచ్చే ప్రతి తెంపుకూ టక్కున వదిలి, టక్కున పట్టుకుంటుంది. రెండోదాని కడ్డీకి ఒక రాగి దిమ్మె తొడుగుతారు. దాని వల్ల కరెంటు ఆగినా అయస్కాంతశక్తి వెంటనే పోదు. డయల్ తెంపు సెకనులో పదిహేనో వంతు మాత్రమే కాబట్టి, అంత చిన్న విరామంలో ఈ రిలే వదలదు. రిసీవర్ పెట్టేసి లైను నిజంగా తెగినప్పుడే వదిలి, కట్టిన దారినంతా విప్పేస్తుంది. మూడోదీ మందకొడిదే. ఒక అంకె తాలూకు తెంపులు వరసగా వస్తున్నంతసేపూ పట్టుకుని ఉంటుంది, ఆగగానే వదిలి అంకె అయిపోయిందని తరువాతి యంత్రభాగానికి తెలియజేస్తుంది. 3 తిప్పి 4 తిప్పితే అది 34 అనీ, 7 కాదనీ యంత్రానికి తెలిసేది ఈ మూడో రిలే వల్లనే. చిప్పులూ జ్ఞాపకశక్తీ లేని కాలంలో ఒక రాగి ముక్కతో ఇంత తేడా పట్టించిన బుర్రలకు ఎంత దండం పెట్టినా తక్కువే.

కడ్డీ ఉండే భాగం పేరు సెలెక్టర్. నిలువుగా నిలబెట్టిన కడ్డీకి పళ్ల చక్రం, కొసన వైపర్లనే చేతులు ఉంటాయి. ఎదురుగా అర్ధచంద్రాకారంలో పది అంతస్తులు, అంతస్తుకు పదేసి ఇత్తడి కొసలు. ఒక విద్యుదయస్కాంతం కడ్డీని మెట్టు మెట్టుగా పైకి నెడుతుంది, ఇంకొకటి పక్కకు తిప్పుతుంది. పది అంతస్తులు, పదేసి కొసలు, మొత్తం వంద దారులు.

ఉదాహరణకు 2437 అనే నంబరు. రిసీవర్ ఎత్తగానే ఆ లైనుకున్న యూనిసెలెక్టర్ అనే చిన్న స్విచ్చి గిర్రున తిరిగి, ఖాళీగా ఉన్న ఒక గ్రూప్ సెలెక్టర్‌ను పట్టుకుంటుంది. అప్పుడే చెవిలో డయల్ టోన్ వినిపిస్తుంది. 2 తిప్పగానే ఆ సెలెక్టర్ కడ్డీ రెండో అంతస్తుకు ఎక్కుతుంది. తరువాత ఎవరూ చెప్పకుండానే పక్కకు తిరుగుతూ, ఆ వరసలో ఖాళీగా ఉన్న దారిని వెతుక్కుంటుంది. రెండో అంకె తిప్పేలోపు ఈ వెతుకులాట ముగియాలి, ముగుస్తుంది. సెకనుకు ముప్పై పైచిలుకు మెట్ల వేగం మరి. 4 తిప్పితే రెండో గ్రూప్ సెలెక్టర్ నాలుగో అంతస్తుకు ఎక్కి అలాగే వెతుకుతుంది. చివరి రెండంకెలూ ఫైనల్ సెలెక్టర్‌వి. 3కు మూడు మెట్లు పైకి, 7కు ఏడు అడుగులు పక్కకు. ఆ కొసన ఉన్నదే 2437 వారి ఇల్లు.

లైను ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవడానికి మాట్లాడే రెండు తీగలతో పాటు మూడో తీగ ఒకటి ఎక్స్ఛేంజి లోపల వెంట నడుస్తుంది. లైను వాడకంలో ఉంటే దానికి ఎర్త్ తగిలి ఉంటుంది. ఫైనల్ సెలెక్టర్ ఆ తీగను ముట్టి చూసి, ఎర్త్ ఉంటే ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది, లేకపోతే అవతలి గంట మోగిస్తుంది. అవతల రిసీవర్ ఎత్తగానే ఇవతలి చందాదారు పేరున ఉన్న మీటర్ ఒక అంకె జరుగుతుంది. ఇన్ని చోట్ల ఇనుము కదలాలి కాబట్టి ఎక్స్ఛేంజిలో చప్పుడుకు కొదువ లేదు. వంద కడ్డీలు ఒక్కసారిగా మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే వడగళ్ల వాన రేకుల కప్పు మీద పడ్డట్టుండేది. అనుభవమున్న మెకానిక్‌లు ఆ చప్పుడులో వచ్చిన తేడాను బట్టే ఏ ర్యాకులో సెలెక్టర్ ఇరుక్కుందో పట్టేవారు.

ఈ అమరిక నుంచి జనానికి తెలిసిన చాలా అలవాట్లు పుట్టాయి. రిసీవర్ పెట్టే కొక్కెం పొరపాటున ఒకసారి కదిలినా అది 1 తిప్పినట్టే. అందుకే 1తో మొదలయ్యే అంతస్తును చందాదారులకు ఇవ్వకుండా 180, 197, 198 వంటి సేవలకు ఉంచారు. 0ను దూరపు ఊళ్లకు వదిలారు. మిగిలినవి 2 నుంచి 9 వరకు ఎనిమిది అంతస్తులు. మూడంకెల నంబర్లున్న ఊళ్లో 800 ఫోన్లకు మించి పట్టవు. నాలుగంకెలైతే 8,000. చిన్న ఊరు పెరిగితే ఇళ్లలో ఏ మార్పూ లేకపోయినా నంబరుకు ముందు ఒక అంకె వచ్చి చేరేది ఇందుకే. డయల్ రంధ్రంలో చిన్న తాళం వేసుకున్న దుకాణదారుల ఫోన్లలోంచి, కొక్కేన్ని లెక్కగా తట్టి నంబరు కలిపిన చేయి తిరిగినవాళ్లూ ఉన్నారు. తట్టినా తిప్పినా ఎక్స్ఛేంజికి ఒకటే తెంపు.

ఇంకో చిక్కు, దారిని కట్టింది ఫోన్ చేసినవారి లైను. దాన్ని విప్పగలిగేదీ వారే. గుమాస్తా మిల్లుకు ఫోన్ చేసి మాట్లాడి, రిసీవర్‌ను కొక్కెం మీద సరిగా పెట్టకుండా వెళ్లిపోతే, మిల్లువారు తమ రిసీవర్ ఎన్నిసార్లు పెట్టి తీసినా లైను వదలదు. వారి ఫోను ఇక ఎవరికీ పలకదు. బెదిరింపు కాల్స్ చేసినవారిని పట్టడానికి ఇదే ఉపయోగపడింది. లైను కట్టి ఉన్నంతసేపట్లో మెకానిక్ ఫైనల్ సెలెక్టర్ నుంచి మొదలుపెట్టి, ఒక్కో ర్యాకూ దాటుతూ, ఏ కడ్డీ ఏ కొస మీద నిలిచిందో చూసుకుంటూ వెనక్కి నడిచి, చేసినవారి లైను దాకా వెళ్లేవారు.

వందమంది చందాదారులకు వంద ఫైనల్ సెలెక్టర్లు పెట్టరు. పదో పన్నెండో చాలు. అందరూ ఒకేసారి మాట్లాడరన్న నమ్మకం మీద ఎక్స్ఛేంజి నిలబడుతుంది. ఎన్ని పెడితే ఎంతమందికి నిరాశ తప్పుతుందో లెక్కగట్టినవాడు కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీ గణితవేత్త ఎర్లాంగ్. ఆయన 1917లో ఇచ్చిన సూత్రాన్ని ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. చెరకు గానుగాడే నెలల్లోనో, పసుపు మార్కెట్ తెరిచిన ఉదయం పూటో అందరికీ ఒకేసారి పనిపడితే ఈ లెక్కకు అసలు పరీక్ష.

బ్రిటన్‌లో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1912లో ఎప్సమ్‌లో వచ్చింది. మన దేశంలో 1913-14లోనే సిమ్లాలో 700 లైన్లతో నెలకొంది. అమెరికాలో బెల్ సంస్థ తన మొదటి పెద్ద ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిని నార్‌ఫోక్‌లో తెరిచింది 1919లో. వేసవి రాజధాని సిమ్లాలో దొరలకు అందిన ఈ సౌకర్యం చిన్న పట్టణాలకు చేరడానికి మాత్రం స్వాతంత్ర్యం దాకా ఆగాల్సి వచ్చింది. 1948లో బెంగళూరులో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ మొదలైంది. లివర్‌పూల్‌కు చెందిన ఆటోమేటిక్ టెలిఫోన్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీతో ఒప్పందం చేసుకుని స్ట్రౌజర్ పరికరాలను ఇక్కడే తయారుచేసింది. తపాలా, రైళ్లు సొంతంగా నడుపుకున్న హైదరాబాద్ రాష్ట్రం 1950 ఏప్రిల్ 1న ఆర్థికంగా కేంద్రంలో కలిసింది. అటుపైన నిజామాబాద్ జిల్లాలో టెలిఫోన్ అంటే కేంద్ర తంతి తపాలా శాఖే.

ఆపరేటర్ లేకుండా ఊరికీ ఊరికీ మధ్య మాట కలిపింది ఎస్టీడీ. 1960 నవంబర్ 25న కాన్పూర్, లక్నోల మధ్య తొలిసారి వచ్చింది. దేశమంతటికీ కోడ్‌లు పంచినప్పుడు అంకెకు దారి అనే పాత అర్థమే పెద్ద ఎత్తున నిలిచింది. హైదరాబాద్‌కు మొదట్లో 0842. సంగారెడ్డి, మెదక్ వైపు 0845తో మొదలవుతాయి. నిజామాబాద్ 08462, ఆర్మూర్ 08463, బోధన్ 08467, కామారెడ్డి 08468. తరువాతి అంకెకు వెళితే గుల్బర్గా 08472, ఆ పైన బీదర్ 08482. ఆ రెండూ 1956లో మైసూరు రాష్ట్రానికి, అంటే ఇప్పటి కర్ణాటకకు వెళ్లిన ఊళ్లు. రాష్ట్రాలు విడిపోయినా, ఒకప్పుడు హైదరాబాద్ కింద ఉన్న జిల్లాలు కోడ్‌ల పట్టీలో పక్కపక్కనే మిగిలాయి. గోదావరి అవతల, నిజామాబాద్ మీదుగా పోయే మన్మాడ్ రైలు మార్గం మీదున్న నాందేడ్ కోడ్ 02462. నిజామాబాద్‌కూ దానికీ ఒక్క అంకె తేడా, డయల్ లెక్కలో ఆరు తెంపులు.

ఇంత పొడుగు నంబర్లు వచ్చేసరికి స్ట్రౌజర్ పద్ధతికి ఊపిరి ఆడలేదు. అంకె తిప్పగానే కడ్డీ ఎక్కాల్సిందే, కాస్త ఆగి మొత్తం నంబరు విని మంచి దారి చూసుకుందామంటే కుదరదు. ముందు నంబరంతా రిలేలలో దాచుకుని, ఆ తరువాత దారి ఎంచే క్రాస్‌బార్ ఎక్స్ఛేంజి ఈ లోటు తీర్చింది. ఇందులో కడ్డీలు ఎక్కవు. అడ్డంగా, నిలువుగా ఉన్న బద్దలు కొద్దిగా కదిలి, కలిసిన చోట కొసలు నొక్కుకుంటాయి. అరుగుదల తక్కువ. బెల్జియం కంపెనీతో 1964లో కుదిరిన ఒప్పందం ద్వారా పెంటాకాంటా రకం మన దేశానికి వచ్చింది. ఐరోపాలో ఒక్కో ఫోను మీద ఉండే వాడకానికి కట్టిన యంత్రం అది. ఇక్కడ ఒక్క ఫోను మీద దుకాణమంతా, వీధంతా మాట్లాడేది. ఆ బరువుకు తట్టుకునేలా దాన్ని మన ఇంజనీర్లు మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

కడ్డీకైనా బద్దకైనా అసలు శత్రువు దుమ్ము. ఇత్తడి కొస మీద పలచటి పొర పేరుకున్నా మాటలో గరగర, లేదా రాంగ్ నంబర్. అందుకే ఎక్స్ఛేంజి గదిలోకి చెప్పులు వదిలి వెళ్లేవారు. వేసవిలో 45 డిగ్రీలు దాటే నిజామాబాద్‌లాంటి చోట్ల, నల్లరేగడి దారుల పక్క ఊళ్లలో ఇలాంటి యంత్రాన్ని శుభ్రంగా ఉంచడం రోజువారీ పోరాటం. 1984 ఆగస్టులో ఏర్పడిన ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ సీ-డాట్ సరిగ్గా ఇక్కడే దెబ్బ కొట్టింది. ఏసీ అక్కర్లేని, 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజిని తయారుచేసి, 1986 జులైలో కర్ణాటకలోని కిత్తూరులో నిలబెట్టింది. ఆ రకం పెట్టెలు పల్లెలకు పాకాయి, పట్టణాల్లో ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాయి. నంబర్లు ఆరంకెలకు పెరిగాయి. బోధన్ కోడ్‌లో సున్నా వదిలి 8467కు వాటిని చేరిస్తే దేశమంతటా ఉన్నట్టే పదంకెలు.

స్ట్రౌజర్ ర్యాకులు విప్పేసి ఇనుము కింద, ఇత్తడి కింద తూకం వేశారు. ఇళ్లలో నల్ల ఫోన్లు మాత్రం చాలాకాలం మిగిలాయి, కొత్త ఎక్స్ఛేంజిల మీద అవి పనిచేశాయి కూడా. డయల్ తిప్పితే తెంపులను కొత్త యంత్రమూ లెక్కపెట్టుకునేది. కడ్డీ మాత్రం ఎక్కేది కాదు.