మచ్చను పట్టుకునే లెక్క

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్లలో పని వేళలే మారిపోయాయి. విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళల్లోనే వచ్చిపోతుంటాయి. క్యాబ్ డ్రైవర్లు, కార్గో సిబ్బంది, సెక్యూరిటీ వాళ్లు, హోటళ్ల వంటవాళ్లు ఆ వేళలకే అలవాటు పడ్డారు. తండ్రి నడుం వంచి పొలం పని చేసిన చోట కొడుకు రాత్రంతా స్టీరింగ్ ముందు కూర్చుంటున్నాడు. రాత్రి రెండింటికి బిర్యానీ, తెల్లారాక నిద్ర. ఎప్పుడో కడుపులో మంటని స్కానింగ్‌కు వెళితే చేతికొచ్చిన కాగితం మీద ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని ఉంటుంది. ఒకరు ‘ఇది అందరికీ ఉండేదేగా’ అనుకుని ఆ కాగితాన్ని బీరువాలో పడేస్తారు. ఇంకొకరు క్యాన్సర్ వస్తుందేమోనని కంటి మీద కునుకు లేకుండా గడుపుతారు. ఈ ఇద్దరిలో ఎవరు జాగ్రత్త పడాలో తేల్చే లెక్క ఒకటి ఉంది. దాని వెనక చాలా దేశాల శ్రమ ఉంది.

ముందు మన ఊరి సంగతి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు, గచ్చిబౌలిలోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉంది. 71 శాతం మంది స్థూలకాయులు. పార్లమెంటులో కూడా ఈ అంకెలు ప్రస్తావనకు వచ్చాయి. అది ఐటీ ఉద్యోగుల లెక్కే. అయినా కదలకుండా కూర్చునే పని, వేళకాని వేళ తిండి ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద బతికేవాళ్లకూ ఉన్నవే. నూటికి 84 మందికి ఉన్నదాన్ని చూసి అందర్నీ భయపెట్టలేం, అలాగని అందర్నీ వదిలేయనూ లేం. అందుకే వీళ్లలో ప్రమాదం ఎవరికన్నది విడదీసి చూడాలి.

ఒకప్పుడు లివర్ క్యాన్సర్ అనగానే డాక్టర్లకు మొదట గుర్తొచ్చేది హెపటైటిస్-బి. ఆ వైరస్‌పై పోరాటంలో హైదరాబాద్ పేరు చరిత్రకెక్కింది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వ్యాక్-బి’ టీకాను తెచ్చి, అప్పటిదాకా సామాన్యుడికి అందని ధరను నేలకు దించింది. వైరస్‌కు టీకా ఉంది. కొవ్వుకు టీకా లేదు. ఇక్కడ వేరే దారి వెతకాల్సి వచ్చింది.

1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు 20 మంది రోగుల లివర్ ముక్కల గురించి ఒక వ్యాసం రాశారు. సూక్ష్మదర్శిని కింద అవన్నీ తాగుబోతుల లివర్లలాగే ఉన్నాయి. ఆ రోగులు మాత్రం మద్యం జోలికి వెళ్లనివాళ్లు. ఎక్కువమంది లావుగా ఉన్నారు, చాలామందికి షుగర్ ఉంది. అప్పటిదాకా పేరు లేని ఆ జబ్బుకు ‘నాష్’ అని పేరు పెట్టింది వాళ్లే. తాగనివాడి లివర్ కూడా పాడవుతుందన్న మాట అప్పట్లో చాలామంది డాక్టర్లకే మింగుడు పడలేదు. మన ఇళ్లలో ఇప్పటికీ ‘వాడు చుక్క ముట్టడు, వాడికి లివర్ జబ్బేంటి’ అనే అంటారు.

అసలు ముద్దాయి ఎవరో తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. లివర్‌లో కొవ్వు చేరుతుంది, కొందరిలో అది వాపుగా మారుతుంది, ఆ వాపు మానే క్రమంలో మచ్చ కడుతుంది. డాక్టర్లు ఫైబ్రోసిస్ అనేది ఈ మచ్చనే. అది ముదిరి లివర్ అంతా గట్టిపడి గడ్డలు కడితే సిరోసిస్. 2015లో వెలువడిన ఒక అధ్యయనం 619 మంది రోగుల పాత బయాప్సీలను, తర్వాత వాళ్లకు ఏమైందన్నదాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. రోగి భవిష్యత్తుతో ముడిపడి ఉన్నది మచ్చ ఒక్కటే. ఎంత కొవ్వుందన్నది కాదు. స్కానింగ్ కాగితం మీద కనిపించే ‘గ్రేడ్’ కొవ్వు గురించి చెబుతుంది. మచ్చ గురించి అది దాదాపు ఏమీ చెప్పదు. ఫ్యాటీ లివర్ అని తెలిసిన ప్రతి మనిషికీ డాక్టర్లు ముందుగా చెప్పాల్సిన సంగతి ఇదేనని నా నమ్మకం.

మచ్చను చూడటానికి తొలుత సూది తప్ప వేరే దారి లేదు. ఇటలీకి చెందిన మెంగీని 1958లో సూది లివర్‌లో ఉండే సమయాన్ని ఒక్క సెకనుకు కుదించాడు. బయాప్సీ అప్పటి నుంచే అన్నిచోట్లా వాడుకలోకి వచ్చింది. కానీ ఆ ముక్క మొత్తం లివర్‌లో యాభై వేలో వంతు మాత్రమే. పైగా నొప్పి, అరుదుగా రక్తస్రావం. ఇంతమందికి ఉన్న జబ్బుకు అందరికీ సూది గుచ్చలేం.

సూది లేకుండా చూసే దారి పారిస్‌లో తెరుచుకుంది. అక్కడ మాథియాస్ ఫింక్ ప్రయోగశాలలో లారాన్ సాండ్రాన్ బృందం ధ్వని తరంగాలతో కణజాలం గట్టిదనాన్ని కొలిచింది. ఆ యంత్రమే ఫైబ్రోస్కాన్. 2003 నుంచి వాడుకలో ఉంది. రోగి పరగడుపున వెల్లకిలా పడుకుని కుడి చేయి తల కింద పెట్టుకుంటాడు. పక్కటెముకల సందున పరికరం చిన్నగా తడుతుంది. ఆ తట్టుకు పుట్టిన అల లివర్‌లోకి వెళుతుంది. బిగించి కట్టిన తాడు మీద అల వేగంగా పోయినట్టే, మచ్చతో బిగిసిన లివర్‌లోనూ వేగంగా పోతుంది. పది కొలతలు తీసి మధ్య విలువను కిలోపాస్కల్స్‌లో చెబుతారు. 8 లోపుంటే మచ్చ ముదిరే అవకాశం తక్కువ. 12 దాటితే నిపుణుల దగ్గరికి వెళ్లాలి. చిక్కల్లా ఆ యంత్రం ఖరీదు. చాలావరకు పెద్ద ఆస్పత్రుల్లోనే అది దొరుకుతుంది.

ఆ చిక్కును తీర్చినది ఒక చిన్న గుణకారం, భాగహారం. అది ఫ్యాటీ లివర్ కోసం పుట్టింది కూడా కాదు. వర్జీనియాకు చెందిన రిచర్డ్ స్టెర్లింగ్, ఆయన సహచరులు హెచ్ఐవీ, హెపటైటిస్-సి రెండూ ఉన్న 832 మంది బయాప్సీలను, వాళ్ల మామూలు రక్త పరీక్షలను పోల్చి చూశారు. మచ్చ ఎంత ఉందో ఊహించడానికి నాలుగు అంకెలు చాలని తేలింది. 2006లో వచ్చిన ఆ లెక్క పేరు ఫిబ్-4. వయసును లివర్ రక్త పరీక్షలో ఉండే ఎస్‌జీఓటీ అనే అంకెతో గుణించాలి. అదే పరీక్షలోని ఎస్‌జీపీటీ అంకె వర్గమూలాన్ని వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. అంతే. 2009లో ఇంకో బృందం ఫ్యాటీ లివర్ రోగుల్లో దీన్ని సరిచూసి హద్దు గీతలు మార్చింది. 1.3 లోపుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ.

చేసి చూద్దాం. ఒక డ్రైవరుకు 36 ఏళ్లు అనుకుందాం. ఎస్‌జీఓటీ 32, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు. స్కానింగ్‌లో గ్రేడ్ 2. ఫిబ్-4 లెక్క కడితే 0.55. ఇంకొకరికి 52 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. ఎస్‌జీఓటీ 68, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు. స్కానింగ్‌లో గ్రేడ్ 1 మాత్రమే. లెక్క కడితే 3.89! భయపడాల్సింది గ్రేడ్ 2 కాగితం చేతిలో ఉన్నవాడు కాదు, గ్రేడ్ 1 అని ఊపిరి పీల్చుకున్నవాడు. మచ్చ ముదిరేకొద్దీ లివర్‌లోకి రక్తం సాఫీగా పోదు, ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుతుంది. ఎస్‌జీఓటీ మెల్లగా ఎస్‌జీపీటీని దాటుతుంది. విడివిడిగా చూస్తే ఎవరూ పట్టించుకోని ఈ మార్పులను ఆ లెక్క ఒక్కచోట పట్టి చూపిస్తుంది. 35 ఏళ్ల లోపువాళ్లలో ఇది అంత నమ్మకంగా పనిచేయదు. 65 దాటినవాళ్లకు కింది గీతను 1.3 బదులు 2గా తీసుకుంటారు.

క్యాన్సర్‌తో లంకె ఎంత బలమైనదో 2018లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల రికార్డులు చెప్పాయి. ఫ్యాటీ లివర్ ఉన్న 2,96,707 మందిని గమనిస్తే, మొత్తం మీద ఏడాదికి లక్షలో 21 మందికి లివర్ క్యాన్సర్ వచ్చింది. సిరోసిస్ దాకా వెళ్లినవాళ్లలో మాత్రం వెయ్యికి పది మందికి పైనే. అయితే క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు అయిదో వంతు మందికి సిరోసిస్ ఆనవాళ్లు లేవు. మచ్చను పట్టే ఫిబ్-4 లెక్కకు దొరకకుండా తప్పించుకునేవాళ్లు కొందరుంటారనే దీని అర్థం.

మచ్చ ముదిరిందని తేలినవాళ్లకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష చేయాలి. ఏఎఫ్‌పీ 1963లో మాస్కోలో గారీ అబెలెవ్ ఎలుకల్లో కనిపెట్టిన ప్రొటీన్. మరుసటి ఏడాదే తతారినోవ్ అనే శాస్త్రవేత్త దాన్ని లివర్ క్యాన్సర్ రోగుల రక్తంలో చూశాడు. షాంఘైలో హెపటైటిస్-బి ముప్పున్న 18,816 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2004లో వచ్చాయి. ఆరు నెలలకోసారి ఈ రెండు పరీక్షలకూ పిలిచిన వర్గంలో లివర్ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. చిన్నగా ఉండగానే కణితి దొరికితే కోసి తీసేయొచ్చు, కాల్చేయొచ్చు, లివర్ మార్చనూవచ్చు. పెద్దదయ్యాక ఆ దారులు చాలావరకు మూసుకుపోతాయి.

కేంద్ర ప్రభుత్వం 2021లో ఫ్యాటీ లివర్‌ను షుగర్, బీపీల సరసన జాతీయ కార్యక్రమంలో చేర్చింది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా బస్తీ దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో ఇచ్చిన రక్తానికి ఉచితంగా పరీక్షలు జరుగుతున్నాయి. ఫిబ్-4కు వయసు కాక కావాల్సిన మూడు అంకెలూ మామూలు సీబీపీ, లివర్ పరీక్షల్లోనే ఉంటాయి. కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆ రిపోర్టు కిందే లెక్క కూడా కట్టి అచ్చువేస్తే ఎంతోమంది ముందే మేలుకుంటారు. ప్రభుత్వం, ల్యాబ్‌లు ఈ పని వెంటనే చేయాలి.

అది జరిగేదాకా ఆగకండి. షుగర్ ఉన్నా, నడుం చుట్టు పెరిగినా, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చినా పాత రక్త పరీక్షల కాగితాలు తీసుకెళ్లి డాక్టరుగారిని ‘నా ఫిబ్-4 ఎంతండీ?’ అని అడగండి. తక్కువగా వస్తే బరువు తగ్గించుకుంటూ, షుగర్ ఉన్నవాళ్లయితే ఏడాది రెండేళ్లకోసారి మళ్లీ చూపించుకోండి. కింది గీత దాటితే ఫైబ్రోస్కాన్ దాకా వెళ్లండి. మచ్చ ముదిరిందని అక్కడ తేలితే ఆరు నెలల పరీక్షను ఒక్కసారి కూడా వదలకండి.