వృత్తియు ప్రవృత్తియు: బ్రౌనుదొర చరిత్రము



నేను బడిపంతులుగా నున్న కాలమున ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. బాలునకు పద్యములన్న ప్రాణము. రెవిన్యూ కచేరిలో చిన్న యుద్యోగము దొరకునట్లున్నది, చేర్పింపవచ్చునా యని తండ్రి యడిగెను. చేర్పింపుడని చెప్పితిని. బాలుడు తల వంచుకొని వెడలిపోయెను. ఆ సలహా మంచిదా, చెడ్డదా యను శంక కలిగినప్పుడెల్ల నాకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను చరిత్రము జ్ఞప్తికి వచ్చును.

బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. 1817లో బ్రౌను కుంఫిణీవారి కొలువునకై చెన్నపట్టణము చేరెను. దేశభాష నేర్వక కొలువు సాగదు గనుక తెలుగు నేర్చెనే కాని, కోరి నేర్చినవాడు కాడు. 1820లో కడపకు పోయి, పిమ్మట మచిలీపట్టణము, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల పని చేసెను. పగలెల్ల శిస్తు లెక్కలు, వ్యాజ్యములు. మనస్సు మాత్రము తాళపత్రములపై నుండెను. స్వంత ధనముతో పండితులకును లేఖకులకును జీతములిచ్చి, ప్రతులు తెప్పించి, పాఠభేదములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను.

ఈ వృత్తి ఆయన స్వభావమునకు తగినదా? తగినదనుటకు వీలులేదు. 1834లో కొలువు పోయెను, ఋణబాధయు తప్పలేదు. మరల వచ్చి పర్షియను అనువాదకుడుగా, తపాలా శాఖాధికారిగా పని చేసెను. మనస్సునకు నచ్చిన వృత్తి వార్ధక్యమున గాని లభింపలేదు: స్వదేశమున లండను విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యపదవి. 1884లో స్వర్గస్థుడయ్యెను.

అయినను ఒక మాట మఱవరాదు. ఆ కొలువే లేకున్న బ్రౌను తెలుగుముఖము చూచియుండడు. ఆ జీతమే లేకున్న పండితులకు బత్తెము దొరకియుండదు. తగని వృత్తియే ప్రవృత్తికి అన్నము పెట్టినది. వృత్తి స్వభావమునకు సరిపడుట యదృష్టము. సరిపడనప్పుడు దినములో కొంత భాగమును దానికి లొంగనీయక కాపాడుకొనుట పురుషకారము. కడపలో ఆయన బంగళా యుండిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయమున్నది. ఆయన చేసిన శిస్తు లెక్కలను వెదకువారు లేరు.

ఆనాడు నేను బాలునకు ఉద్యోగమున చేరుమని మాత్రమే చెప్పితిని. సాయంకాలములను పద్యములకై దాచుకొనుమని చెప్పనైతిని. సలహా తప్పు కాదు. సగమే చెప్పుట నా తప్పు. మీ యింట అట్టి బాలుడున్నచో, మిగిలిన సగమును మీరైన చెప్పుడు.