తెర లేని బల్ల

మా అత్తగారి పెళ్ళికి యాభై ఏళ్ళు నిండిన రోజున ఎక్కడ భోజనం చెయ్యాలి అన్న విషయం మీద మా ఇంట్లో నెల రోజులు వాదన జరిగింది.

మా ఆయన మాట ఒకటే. ఊళ్ళోనే కొబ్బరితోటలో షామియానా వేద్దాం, రెండు వందల ఆకులు లేపుదాం అని. హైదరాబాద్‌లో ఉన్న మా మరిది వైజాగ్ స్టార్ హోటల్లో బఫే అన్నాడు. మా అమ్మాయి ఫోన్‌లో ఫోటోలు చూపించి, పువ్వు రేకంత కూరని పళ్ళెం మధ్యలో పెట్టి ఇచ్చే చోటు ఏదో భువనేశ్వర్‌లో ఉందంది. అడగాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. ఓ సాయంత్రం చేటలో బియ్యం చెరుగుతుంటే నేనే అడిగాను. "అత్తయ్యా, మీరెప్పుడైనా హోటల్‌కి వెళ్ళారా?"

ఆవిడ చెరగడం ఆపలేదు. "టెక్కలిలో ఓపాలి ఎల్లినాం. పెళ్ళైన మరుసటేడు. ఎవుళిదో పెళ్ళికెళ్ళి వొస్తన్నాం. ఆకుపచ్చ తెర ఏసిన గదిలో కూకోబెట్టినారు. ఇడ్డెన్లు తిని, కాపీ తాగి వొచ్చేసినాం. ఆ తెర ఒక్కటే సూసినానమ్మా, ఓటలు నాను సూడనేదు."

1976 నాటి సంగతి అది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రాత్రుళ్ళు కూర్చుని చదివాను, పాత పుస్తకాలు తిరగేశాను. బయట భోజనం అనేది ఎక్కడ మొదలైంది, అందులో ఆడవాళ్ళు ఎక్కడున్నారు అని.

ఉన్నారు. మొదటినుంచీ ఉన్నారు. కాకపోతే పొయ్యి దగ్గర.

కాకతీయుల నాటి ఓరుగల్లును కళ్ళకు కట్టే 'క్రీడాభిరామం'లో ఒక పూటకూటి భోజనం ఉంది. కర్పూరభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అన్నీ కలిపి ఒక రూక. ఈ కాలంలో మెనూ కార్డు మీద బియ్యం రకం పేరు కూడా వేస్తే అబ్బో అనుకుంటాం. మనవాళ్ళు ఆ పని ఎప్పుడో చేశారు. ఆ ఇంటి యజమాని పేరు ఆ పద్యంలో ఉంది. అంత వంటా ఏ చేతులు వండాయో మాత్రం లేదు.

మన ఉత్తరాంధ్రకి వస్తే గురజాడ వారి 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఉంది కదా. నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చైంది, 1909లో పెంచి మళ్ళీ రాశారు. సంతలో సామాన్లు కొనిపెడతానని ఆవిడ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి గిరీశం వేరే దారిన ఖర్చు పెట్టేస్తాడు. మనం గిరీశాన్ని చూసి నవ్వుకుంటాం. ఈసారి చదివినప్పుడు నాకు ఆ ఇరవై రూపాయలే కనిపించాయి. మొగుడు పోయిన ఆడదానికి చదువు లేదు, ఉద్యోగం లేదు, ఉన్నది చేతి వంట. దాన్ని పూటకింత అని అమ్ముకుని బతికింది. హోటల్ అనే మాట మన ఊళ్ళకి రాకముందు హోటల్ నడిపింది అలాంటి ఆడవాళ్ళు. రోజూ పదిమందికి వడ్డించి, చివరికి మిగిలింది తినే ఆడవాళ్ళు.

'రెస్టారెంట్' అన్న మాట పుట్టుక తెలిశాక నాకు ఇంకా ఆశ్చర్యం వేసింది. 18వ శతాబ్దంలో పారిస్‌లో ఆ మాటకు అర్థం భోజనశాల కాదు, నీరసపడ్డ మనిషికి సత్తువ తెచ్చే చారు. 1760లలో ఆ చారు అమ్మే దుకాణాలు వెలిశాయి. అంతకు ముందు సత్రాల్లో అందరూ ఒకే వేళకి ఒకే పెద్ద బల్ల దగ్గర కూర్చుని, పెట్టింది తినాలి. ఈ కొత్త చోట్లలో ఎవరి బల్ల వాళ్ళది, ఎవరికి ఆకలైన వేళ వాళ్ళది, ఎవరి ఒంటికి సరిపడేది వాళ్ళు అడగొచ్చు. చారు పేరే దుకాణానికి పేరైపోయింది. అంటే ఈనాటి ఫైన్ డైనింగ్ మూలం దర్జా కాదన్నమాట, పథ్యం!

పథ్యం అంటే మా ఇంట్లో తెలియని వాళ్ళు లేరు. మావగారిది కిడ్నీ జబ్బు. ఉద్దానం వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి ప్రారంభించినప్పుడు మా వీధిలో ఆ కబురు పండగలా చెప్పుకున్నారు. ఆయనకి ఉప్పు తగ్గించాలి, కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, జీడిపప్పు వద్దు, కూరగాయ ముక్కలు ఉడికించి ఆ నీళ్ళు వంచేసి వండాలి. కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడన పుట్టి పెరిగిన మనిషి, నౌపడా ఉప్పు కొఠార్ల పక్కనుంచి రోజూ రైలెక్కి తిరిగిన మనిషి, వాటిలో దేన్నీ తృప్తిగా నోట పెట్టుకోలేడు. ఆయనతో పాటు అత్తగారూ చప్పిడి తిండికి అలవాటు పడిపోయింది. రెండు వంటలెందుకమ్మా అంటుంది. పనసపొట్టు కూర ఆవిడ ప్రాణం. ఆ కూర మా ఇంట్లో వండి ఎన్నాళ్ళైందో.

కాబట్టి తోటలో రెండు వందల ఆకుల భోజనం అంటే ఏమౌతుందో నాకు తెలుసు. వంటవాళ్ళు వచ్చినా అత్తగారు పొయ్యి పక్కనే నిలబడుతుంది. మావగారి గిన్నె విడిగా వండుతుంది. అందరి చేతులూ కడిగించాక మూడు గంటలకి తింటుంది. మీ ఇళ్ళలోనూ అంతేనా?

ఇక ఆ తెర సంగతి.

మన వైపు రైలు 1890లలో వచ్చింది. తర్వాత అది బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది. రైలుతో పాటు బయట తినక తప్పని అవసరం వచ్చింది. బయట తిండి వచ్చింది గానీ, పక్కన ఎవరు కూర్చోవాలన్న పట్టింపు పోలేదు. స్టేషన్లలో హిందువులకి ఒక కుండ నీళ్ళు, ముస్లింలకి ఒక కుండ నీళ్ళు. ఊళ్ళలో కాఫీ హోటళ్ళు వచ్చాక కొన్నిటికి బ్రాహ్మణ హోటల్ అని బోర్డులు. ఉడిపి నుంచి మద్రాసు వెళ్ళి వంటింట్లో పనితో మొదలుపెట్టిన కె. కృష్ణారావు గారు 1938లో ఉడ్‌లాండ్స్ హోటల్ పెట్టారు. అలాంటి వాళ్ళ వల్ల హోటల్ అంటే సంసారపక్షంగా, శుభ్రంగా ఉండే చోటు అన్న పేరు వచ్చింది.

1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగంలో 15వ అధికరణం చదివి చూడండి. దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్ళలోకి రానివ్వడంలో మతం, కులం, పుట్టిన చోటుతో పాటు ఆడ, మగ అనే తేడా కూడా చూపకూడదని అందులో స్పష్టంగా ఉంది. రాజ్యాంగంలో రెస్టారెంట్ అన్న మాట ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు! చట్టం తలుపు తీసింది. లోపల తెర మాత్రం ఉండిపోయింది. 'ఫ్యామిలీ రూమ్స్' అని బోర్డు, బాణం గుర్తు, చెక్క గదులు, వాటికి తెరలు. ఆడవాళ్ళకి మర్యాద కోసమే అనేవారు. నిజమే, ఆ తెర ఉండబట్టే చాలామంది ఆడవాళ్ళు హోటల్ మెట్లెక్కారు. కానీ ఎక్కినవాళ్ళు చూసింది ఎదురుగా ఉన్న గుడ్డనే.

ఇది మన దేశం గొడవ ఒక్కటే అనుకోకండి. 1868లో న్యూయార్క్‌లో డికెన్స్ గారికి పత్రికల వాళ్ళు డెల్మోనికోస్ అనే పేరున్న హోటల్లో విందు ఇచ్చారు. జేన్ కనింగ్‌హామ్ క్రోలీ అనే విలేకరి తనకీ టికెట్ కావాలంటే ఆడవాళ్ళకి లేదు పొమ్మన్నారు. ఆవిడ ఊరుకోలేదు. ఆడవాళ్ళతో సోరోసిస్ అనే సంఘం పెట్టి, ఆ ఏప్రిల్‌లోనే, అదే హోటల్లో, మగతోడు లేకుండా భోజనం చేయించింది. తర్వాత కూడా ఖరీదైన హోటళ్ళలో ఆడవాళ్ళ చేతికి ధరలు లేని మెనూ ఇచ్చేవారట. డబ్బు కట్టేది మగవాడే కదా అని. 1980లో లాస్ ఏంజెలెస్‌లో ఒకామె తన వ్యాపార భాగస్వామిని తన ఖర్చు మీద విందుకు తీసుకెళ్తే, ఆమెకే ధరల్లేని కార్డు వచ్చింది. ఆమె కోర్టుకెక్కింది, వాళ్ళు ఆ పద్ధతి మానుకున్నారు.

ఇంత చదివాక నాకు హోటల్ వెతకడం తేలికైంది. ఎన్ని స్టార్లు అన్న ప్రశ్న పక్కన పెట్టేశాను.

బఫే కొట్టేశాను. బఫేలో వంటలన్నీ ముందే పెద్ద గిన్నెల్లో వండి ఉంటాయి, ఉప్పు తీయలేరు. అడిగాక వండేచోటైనా చాలా కూరలకి పొద్దున్నే చేసి పెట్టుకున్న గ్రేవీలు ఉంటాయి. తెల్ల గ్రేవీ అంటే జీడిపప్పు ముద్దే. అందుకని ముందురోజు మేనేజర్‌కి కాదు, వంటింట్లో పెద్ద చెఫ్‌కే ఫోన్ ఇవ్వమన్నాను. రెండు చోట్ల 'చూద్దాం మేడం' అన్నారు. మూడో చోట చెఫ్ నన్నే ఎదురు అడిగాడు, "టమాటా కూడా తగ్గించాలా అమ్మా? చేప ముక్క ఎంత పెట్టొచ్చన్నారు?" అని. వైజాగ్ సముద్రం ఒడ్డున ఉన్న ఆ హోటల్‌నే ఖాయం చేశాను. రాత్రి కాకుండా మధ్యాహ్నానికి పెట్టాను, మావగారి మందుల వేళ కోసం. చేతులున్న కుర్చీలు అడిగాను. బాత్రూమ్ ఎంత దూరమో, మధ్యలో మెట్లున్నాయో లేవో అడిగాను. ఇవేవీ హోటల్ ఫోటోల్లో కనపడవు. మీరెప్పుడైనా పెద్దవాళ్ళని తీసుకెళ్తే తప్పక అడగండి.

పలాసలో పొద్దున్నే రైలెక్కాం. మూడు గంటల ప్రయాణం. హోటల్లో అడుగుపెట్టగానే తెల్ల చొక్కా కుర్రాడు ఎదురొచ్చి దండం పెట్టాడు. గోల్డెన్ యానివర్సరీ అని తెలిసి, అదనంగా ఏమీ తీసుకోకుండా ప్రైవేట్ డైనింగ్ రూమ్ ఇస్తామన్నాడు. పూలు, కొవ్వొత్తులు, తలుపు వేసుకుంటే అంతా మీదే అన్నాడు. మా మరిది ముఖం వెలిగిపోయింది. అత్తగారు గుమ్మం దగ్గరే ఆగి ఆ గదిలోకి తొంగి చూసింది.

"ఇదీ తెరే కదేటి బాబూ. మాం అక్కడ కూకుంటాం," అని హాలు మధ్యలో ఉన్న బల్ల చూపించింది.

అక్కడే కూర్చున్నాం. మెనూ ఆవిడ చేతికే ఇవ్వమన్నాను. ధరలున్న మెనూ. ఆవిడ కూడబలుక్కుని చదువుకుంటూ జీడిపప్పు కూర దగ్గర ఆగింది. పెళ్ళైన కొత్తలో ఆవిడ జీడిపిక్కలు కొట్టింది. ఆ పిక్క పెంకులో ఉన్న నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, బొటనవేలి మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పలాస పప్పుని గింజ సైజు బట్టి రకాలు చేస్తారు. 180 అంటే పౌనుకి 180 గింజలు తూగే పెద్ద పప్పు, 320 అంటే చిన్నది. ముక్కవ్వని పప్పు పెద్ద ఊళ్ళకి పోతుంది, ముక్కలు మన ఉప్మాలోకి వస్తాయి. పెంకు కొట్టి, పొర తీసి, ఏరే పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అలాంటి పప్పు పింగాణీ గిన్నెలో పడి అమ్ముడయ్యే చోట ఆవిడ కూర్చోవడం ఇదే మొదలు.

"ఈ దరకి మన కాశీబుగ్గలో ఇంచుమించు కేజీ పప్పు వొచ్చేస్తాది," అంది. అని, కాసేపు ఆలోచించి, "తెప్పించు," అంది.

గిన్నెలో అన్నీ ముక్కవ్వని గింజలే. ఒక్కొక్కటీ నమిలి తింది. మావగారికి చప్పిడి చేప ముక్క, నిమ్మకాయ పిండి, మిరియం చల్లి, సొరకాయ కూరతో విడిగా వచ్చింది, డాక్టరు చెప్పిన కొలతలోనే. ఆ పళ్ళెం కూడా మా పళ్ళేలతో పాటే, అదే కుర్రాడి చేతిలో, అంతే అందంగా వచ్చింది. మావగారు మామూలుగా ఇంట్లో ఓ మూలకి తిరిగి తింటారు. ఆ రోజు అందరి మధ్యా కూర్చుని, నిమ్మళంగా తిన్నారు. అత్తగారు రెండుసార్లు వడ్డించబోయి లేచింది. రెండుసార్లూ ఆ కుర్రాడే, "కూర్చోండమ్మా," అన్నాడు. మూడోసారి లేవలేదు.

మర్నాడు ఊళ్ళో అమ్మలక్కలు అరుగు మీద చేరి ఏం తిన్నారు, ఏం పెట్టారు అని అడిగారు. అత్తగారు ఒక్క వంట పేరూ చెప్పలేదు. కిటికీ పక్కన ఒక్కత్తే కూర్చుని పుస్తకం చదువుతూ తిన్న అమ్మాయి గురించి చెప్పింది. పుట్టినరోజు కేకు మీదికి ఎగబడ్డ పిల్లల గురించి, వంటింటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా పొగలో కనిపించిన పొడుగు టోపీల గురించి, అద్దం అవతల సముద్రం మీద ఆగి ఉన్న ఓడ గురించి చెప్పింది. సూర్యుడు తోట వెనక్కి దిగిపోయినా ఇంకా చెప్తూనే ఉంది.